నొక్కిన రసాలు

నా చిన్నప్పుడు మా ఊళ్ళో పళ్ళకు కరువు లేదు, మామిడిపళ్ళకు తప్ప. కలిదిండి దాటి కొల్లేటి వైపు వెళ్తే వచ్చే పల్లె మాది. గట్ల మీద తాడిచెట్లు, ఈతచెట్లు ఉండేవి. వాటిని ఎవరూ నాటలేదు, ఎవరూ పట్టించుకోలేదు, అందుకే కాబోలు బాగా పెరిగేవి. చెరువు పక్కన రెండు నేరేడు చెట్లు, పాడుబడ్డ దొడ్లో ఒక వెలగచెట్టు, బడి వెనక సీమచింత. మామిడి మాత్రం లేదు. మామిడికి కాళ్ళు తడవడం గిట్టదు. మాకేమో ఏడాదిలో ఎనిమిది నెలలు కాళ్ళు తడవందే పూట గడవదు. ఇద్దరికీ పొసగలేదు.

అందువల్ల మామిడిపండు మాకు చుట్టరికం మీద వచ్చేది. మా అమ్మ పుట్టిల్లు కామవరపుకోట వైపు మెట్ట ఊరు. ఏటా ఎండలు ముదిరాక మా అమ్మ వాళ్ళ నాన్న రెండు గంపల కాయలు పంపేవారు. అవి ఒక బస్సు టాపు మీద ఏలూరు వచ్చి, ఇంకో బస్సు టాపు మీద కైకలూరు చేరి, అక్కణ్ణించి మా ఎడ్లబండిలో ఇంటికొచ్చేవి. మా నాయనమ్మకు కోడలి పుట్టింటివాళ్ళలో మెచ్చుకోదగ్గది ఏమీ కనిపించేది కాదు. గంపలు దిగిన రోజు మాత్రం "మంచివాళ్ళే" అనేది. ఆ మాట గంపలు ఖాళీ అయ్యేదాకా చెల్లేది.

గంపలో పైన బంగినపల్లి కాయలు, పక్కగా పచ్చడి కోసం నాలుగు కలెక్టరు కాయలు ఉండేవి. మా ఊళ్ళో ఎవరూ లేచి నిలబడని కలెక్టరు అదొక్కటే. అసలు సరుకు అడుగున ఉండేది: చిన్న రసాలు. రసం కోసుకు తినే పండు కాదు. రెండు చేతుల మధ్య పెట్టుకుని, మెత్తగా నొక్కుతూ, లోపలిదంతా పలచబడ్డాక ముచ్చిక తీసి పీల్చుకోవాలి. తినడం ఎంతసేపో నొక్కడం అంతసేపు. దాంతో మా ఇంట్లోవాళ్ళకి రసం కంటబడితే చాలు, బొటనవేలు దానంతటది ముందుకు వెళ్ళేది. పండు ఎవరిదని గాని, పండిందా లేదా అని గాని వేలు అడిగేది కాదు.

ఆ కాయల్ని ముగ్గవేయడం మా నాయనమ్మ పని. కొట్టుగదిలో నేల మీద వరిగడ్డి పరిచి, కాయలు ఒకదానికొకటి తగలకుండా పేర్చి, మీద మళ్ళీ గడ్డి కప్పి, ఆపైన గోనెపట్టా వేసేది. తలుపు దగ్గరగా వేసి గొళ్ళెం పెట్టేది. తర్వాత అందరినీ పిలిచి చట్టం చదివేది. "ఎవరూ లోపలికెళ్ళద్దు. పండితే వాసన అదే బయటికొచ్చి పిలుస్తుంది. అది పిలిచేదాకా మనం పిలవకూడదు." మా తాతయ్య ఊళ్ళో తగువులు తీర్చే పెద్దమనిషి. ఆయన ఈ చట్టాన్ని తలూపి ఆమోదించి, మనిషికి నిగ్రహం ఎంత అవసరమో మా అందరికీ రెండు ముక్కలు చెప్పేవాడు.

నేను చెప్పే ఏడాది మాకు తొమ్మిదేళ్ళు నిండిన ఏడాది. అంటే నాకు. అలసిపోయిన ఇంట్లో ఏకవచనం, బహువచనం కలిసిపోతాయి. ఆ వేసవిలో మా ఇల్లు అంతగానూ అలసిపోయింది.

మా చిన్నత్త, అంటే మా నాన్న చెల్లెలు, ఏలూరులో హాస్టల్లో ఉండి కాలేజీలో చదివేది. మా వంశంలో కాలేజీ గుమ్మం దాటిన మొదటి మనిషి ఆవిడే. పరీక్షలు రాసి ఇంటికొచ్చింది, రెండో రోజు జ్వరం వచ్చింది, టైఫాయిడ్ అన్నారు. మూడు వారాలు పట్టి పీడించి ఒక తెల్లవారుజామున జ్వరం వదిలింది. దానితోపాటు ఆకలి కూడా వదిలింది. ముదినేపల్లి నుంచి సైకిలు మీద వచ్చే డాక్టరు గారు చేయి చూసి, కళ్ళు చూసి, వసారాలోకి వచ్చి మా తాతయ్యతో అన్నారు: "జ్వరం పోయిందండి. ఇంక మందుల్లో ఏం లేదు. అమ్మాయి తినాలి. నోటికి ఏది హితవైతే అది పెట్టండి. తినకపోతే మాత్రం..."

ఆ వాక్యం ఆయన పూర్తి చేయలేదు. కాఫీ తాగి సైకిలెక్కి వెళ్ళిపోయారు. ఆ పైన మా ఇంట్లో ఎవరి మటుకు వాళ్ళు ఆ వాక్యాన్ని పూర్తి చేసుకుంటూ తిరిగారు.

గంజి పెడితే ఒక గుక్క. జావ పెడితే వద్దు. మెత్తగా కలిపిన అన్నం చూస్తే మొహం తిప్పేసేది. చూడ్డానికి వచ్చేవాళ్ళు మాత్రం పొద్దున్నించి సాయంత్రం దాకా వచ్చేవాళ్ళు. మా వైపు మర్యాద అది, ఒంట్లో బాగాలేని మనిషిని చూడకపోతే మాట పడాలి. ఉత్త చేతులతో రారు కదా. ఒకరు ఏలూరు బజారు బత్తాయిలు, ఒకరు లేత ముంజలు, ఒకరు సపోటాలు, ఒకరు ఈతపళ్ళు, మెట్ట నుంచి వచ్చిన బంధువొకాయన ఏకంగా ఒక పనసకాయ. పనసకాయ తిని టైఫాయిడ్ నుంచి కోలుకున్నవాళ్ళు ఎవరైనా ఉన్నారేమో నాకు తెలీదు. చిన్నత్త ఏదీ ముట్టలేదు. వచ్చిన పళ్ళు పాడవకూడదని నేనే పూనుకున్నాను. ఆ నెల చిన్నత్త చిక్కిపోయింది, నేను ఒళ్ళు చేశాను.

వచ్చినవాళ్ళంతా ఒకే పద్ధతి. మంచం పక్కన కూర్చుని, నుదురు మీద చెయ్యేసి, మెడ కింద చెయ్యేసి, మణికట్టు పట్టుకుని "ఎలా ఉందమ్మా ఒంట్లో? కాస్త తగ్గిందా?" అని అడిగేవాళ్ళు. ఒకరు లేచేసరికి ఇంకొకరు. వాళ్ళు వెళ్ళాక మేం. మా అమ్మ గంటకోసారి, మా నాన్న పొలం వెళ్తూ ఒకసారి, వచ్చి ఒకసారి, తాతయ్య ప్రతి అరగంటకూ గుమ్మంలో నిలబడి. ఒకరోజు ఎదురింటావిడ అడిగితే చిన్నత్త కళ్ళు మూసుకునే చెప్పింది: "ఇందాక వచ్చినవాళ్ళకి చెప్పానండీ పిన్నిగారూ, వాళ్ళనడిగి తెలుసుకోండి." ఆవిడ బయటికొచ్చి, "పాపం, పిల్లకి మతి స్థిమితం కూడా తప్పుతోంది" అని వీధి వీధంతా చెప్పింది.

అలాంటి రోజుల్లో ఒక మధ్యాహ్నం, మా అమ్మ జావ గ్లాసు వెనక్కి తీసుకుపోతుంటే, చిన్నత్త గోడవైపు తిరిగి పడుకుని "రసం అయితే తింటానేమో" అంది.

'ఏమో' అన్నది మాకెవరికీ వినపడలేదు. మామిడిపండు వేడి చేస్తుందని జ్వరం మనిషికి వాసన కూడా చూడనివ్వని మా నాయనమ్మ, "రెండు రోజులు నీళ్ళలో నానబెడితే వేడి లాగేస్తుంది" అని అప్పటికప్పుడు వైద్యశాస్త్రాన్ని సవరించింది. గంపలు రెండు రోజుల కిందటే దిగాయి. కాయలు గడ్డిలో ఉన్నాయి, రాళ్ళలా. ఇంక మా ఇంటి ఆశంతా ఆ కొట్టుగదిలో గోనెపట్టా కింద ఉంది.

నేను మర్నాడే లోపలికెళ్ళాను. దొంగతనానికి కాదు, అది నాకు ఇప్పటికీ స్పష్టంగా గుర్తుంది. నాయనమ్మ మధ్యాహ్నం కునుకు తీసేటప్పుడు గొళ్ళెం చప్పుడు కాకుండా తీసి, పట్టా ఒక పక్కకి ఎత్తి, గడ్డిలోకి చెయ్యి దూర్చి, దొరికిన కాయల్నల్లా బొటనవేలితో నొక్కి చూశాను. గట్టిగా ఉన్నాయి. మర్నాడు మళ్ళీ. మూడోరోజు కొంచెం లొంగినట్టు అనిపించింది, కాబట్టి ఇంకొంచెం గట్టిగా నొక్కాను. చిన్నత్త నాకు ఎక్కాలు నేర్పిన మనిషి, చెవి మెలిపెట్టకుండా. ఆవిడ తినాలి. ఆవిడ తినాలంటే ఇవి పండాలి. ఇవి పండాలంటే ఎవరో ఒకరు వీటి సంగతి కనుక్కుంటూ ఉండాలి కదా. తొమ్మిదేళ్ళకి నా తర్కం అంత బలంగా ఉండేది.

వారం గడిచింది. వాసన బయటికొచ్చింది గాని, పిలిచే వాసన కాదు. పులిసిన వాసన. మా నాయనమ్మ వంటింట్లోంచి వస్తూ ఆగి, ముక్కు ఎగబీల్చి, తలుపు తీసింది.

ఒక్కొక్క కాయే తెచ్చి వసారాలో చాప మీద పేర్చింది. పేరుస్తుంటే మాకు కనపడింది. ప్రతి కాయ భుజం మీదా ఒక మచ్చ. కొన్నిటికి రెండు, కొన్నిటికి నాలుగు. గోధుమరంగుకి తిరిగి, లోపలికి కుంగి, కొన్ని చోట్ల నీరు కారుతూ. మిగతా కాయంతా పచ్చిగానే ఉంది. పండలేదు, కుళ్ళింది. నేను తాతయ్య పడక్కుర్చీ వెనక్కి జరిగాను. దెబ్బలు పడతాయని తెలుసు. ఎన్ని అన్నది ఒక్కటే తెలియాల్సింది.

నాయనమ్మ కేకలెయ్యలేదు. "ఇలా రా నాయనా" అంది. అంత మెత్తగా పిలిస్తే పారిపోవడానికి కూడా వీలుండదు. నా కుడిచెయ్యి పట్టుకుని, బొటనవేలు తీసుకెళ్ళి ఒక మచ్చ మీద ఆనించింది. సరిగ్గా సరిపోయింది. ఇంకోదాని మీద ఆనించింది. అదీ సరిపోయింది. నా వేలికి సరిపోయిన కాయల్ని ఒక పక్కకి పెట్టింది. పదో పన్నెండో ఉన్నాయి. ఇక చెయ్యి వదిలేసి మిగిలిన వాటి వైపు చూసింది. వాటి మీద మచ్చలు నా వేలికంటే పెద్దవి.

"ఇవి వీడివి," అంది. "మరి ఇవెవరివి?"

మా నాన్న దూలాల వైపు చూస్తున్నాడు. మా ఇంటి దూలాల్ని ఆయన అంత శ్రద్ధగా చూడటం నేను చూసింది అదే మొదటిసారి. కాసేపటికి ముందుకొచ్చి, అడక్కుండానే వేలు ఆనించాడు. "రోజూ పొలం వెళ్ళేటప్పుడు ఒక్కసారేనమ్మా" అన్నాడు. మా అమ్మ చెంగు నోటికి అడ్డం పెట్టుకుని వచ్చింది. పుట్టింటి కాయలు, ఆడపడుచు ప్రాణం, ఆవిడ భయం ఆవిడది. ఆవిడవి సన్నటి మచ్చలు, వరసగా.

మరికొన్ని కాయల మీద మచ్చల్లో, ప్రతి దాని మధ్యా ఒక అడ్డగీత ఉంది. మా తాతయ్య బొటనవేలి గోరు ఎప్పుడో బండి కింద పడి రెండుగా చీలింది, మళ్ళీ అతకలేదు. నాయనమ్మ ఆయన వైపు చూసింది. ఆయన గొంతు సవరించుకున్నాడు.

"ఏవండీ," అంది నాయనమ్మ, "నిగ్రహం గురించి పోయినేడు ఏదో చెప్పారు. మళ్ళీ ఓసారి చెబుతారా?"

"అమ్మాయి కోసమేనే..." అన్నాడు తాతయ్య. ఊళ్ళో ఎంత పెద్ద తగువైనా నిలబడి తీర్పు చెప్పే మనిషి, ఉత్తరీయం కొసతో చేతివేళ్ళు తుడుచుకుంటూ కూర్చున్నాడు.

చాప మీద ఇంకా ఆరేడు కాయలు మిగిలాయి. వాటి మీదా మచ్చలున్నాయి. నావి కావు, నాన్నవి కావు, అమ్మవి కావు, తాతయ్యవి కావు. మేం ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నాం. మంచం మీద ఉన్న మనిషి లేచి నడవలేదు. నాయనమ్మ ఆ కాయల ముందు చాలాసేపు కూర్చుంది. చివరికి తన బొటనవేలు తనే తీసుకెళ్ళి ఒకదాని మీద పెట్టింది.

"ఇవి నావి," అంది.

పొద్దున్నే పాలు పితికించేందుకు లేచినప్పుడు వెళ్ళేదట. రోజూ. ఎవరూ నవ్వలేదు. నవ్వే ఓపిక ఎవరికీ లేదు. నాయనమ్మ మొహం చూస్తే, ఆవిడ ఎన్ని రాత్రులనించి సరిగ్గా పడుకోలేదో అప్పుడు కనిపించింది నాకు. "కాయని నొక్కితే పండదురా," అంది ఎవరితోనో తెలియకుండా. "నొక్కిన చోటల్లా చస్తుంది. అందరికీ తెలుసు. తెలిసే చేశాం." అని లేచి, లోపల గది వైపు చూసింది. అప్పటికి చిన్నత్త మంచం పక్కన ఎవరో దూరపు బంధువు కూర్చుని మెడ కింద చెయ్యి పెట్టి "తగ్గిందా అమ్మా?" అని అడుగుతున్నారు. నాయనమ్మ ఆ మాట వింటూ గుమ్మంలో కాసేపు నిలబడిపోయింది.

గడ్డి మొత్తం తిరగేస్తే, గోడవారగా, ఎవరి చెయ్యీ అందని మూలలో ఏడు కాయలు దొరికాయి. మచ్చ లేనివి. వాటిని మళ్ళీ గడ్డిలో పెట్టి, ఈసారి గొళ్ళానికి తాళం వేసింది. మేమంతా చూస్తుండగా ఆ తాళంచెవి తీసుకెళ్ళి చిన్నత్త దిండు కింద పెట్టింది. "ఈ ఇంట్లో నమ్మదగ్గదానివి నువ్వొక్కదానివేనే తల్లీ. నీ దగ్గరుంచు," అంది. వచ్చిన బంధువుని చెయ్యి పట్టుకుని మర్యాదగా బయటికి తీసుకొచ్చి, గది తలుపు చేరవేసి, గుమ్మం బయట పీట వేసుకుని కూర్చుంది.

నాలుగు రోజులు ఆవిడ ఆ పీట దిగలేదంటే అతిశయోక్తి గాని, పెద్ద అతిశయోక్తి కాదు. వచ్చినవాళ్ళ దగ్గర బత్తాయిలు తీసుకునేది, మజ్జిగ ఇచ్చేది, పంపించేసేది. "ఒక్కసారి పిల్ల మొహం చూసి పోతాం వదినా" అని ఒకావిడ బతిమాలితే, "మొహం ఎక్కడికీ పోదు, పది రోజులాగి రండి" అంది. మాకూ అదే శిక్ష. జావ గ్లాసు మంచం పక్కన స్టూలు మీద పెట్టి రావాలి, ఎలా ఉందని అడగకూడదు, ఎంత తాగావని చూడకూడదు, ఖాళీ అయినా కాకపోయినా మాట్లాడకుండా తీసుకురావాలి. మొదటి రోజు నిండుగా వచ్చింది. రెండో రోజూ నిండుగానే వచ్చింది. తాతయ్య వసారాలో ఈ చివర్నించి ఆ చివరికి నడుస్తూ, "పిల్ల పోతే ఈ పట్టుదల ఎవరికే?" అన్నాడు. నాయనమ్మ విసనకర్ర ఊపడం ఆపింది, అంతే. మూడో రోజు గ్లాసు సగం వచ్చింది. అమ్మ ఆ సగం గ్లాసుని అందరికీ చూపించింది. రోహిణీకార్తె ఎండలు, కాలువలు కట్టేసిన నెల, చెరువులో నీళ్ళు అడుగంటాయి. ఊరంతా సొమ్మసిల్లి ఉండేది, మా ఇల్లు ఊపిరి బిగబట్టి ఉండేది.

అయిదో రోజు మధ్యాహ్నం అందరం వసారాలో ఉన్నాం. ముందు తాతయ్య తలెత్తాడు. తర్వాత మాకూ తెలిసింది. గాలి లేదు, అయినా వచ్చింది వాసన, మెత్తగా, తియ్యగా, కొట్టుగది తలుపు సందుల్లోంచి నట్టింట్లోకి, నట్టింట్లోంచి వసారాలోకి. తాతయ్య లేవబోయాడు. నాయనమ్మ ఆయన ఉత్తరీయం కొస పట్టుకుని కింద కూర్చోబెట్టింది.

లోపల మంచం కిర్రుమంది. చాలాసేపు ఇంకేమీ లేదు. తర్వాత గోడ పట్టుకుని నడుస్తున్న గాజుల చప్పుడు. ఆగింది. మళ్ళీ నడిచింది. తాళం తీసిన చప్పుడు. మా అమ్మ నా చెయ్యి ఎంత గట్టిగా పట్టుకుందంటే, నేను కూడా మచ్చపడతాననుకున్నాను. పడిపోతుందేమో, వెళ్ళి పట్టుకుందాం అని అందరి కాళ్ళలోనూ ఉంది. నాయనమ్మ కదలలేదు గనక మేమూ కదల్లేదు. ఆవిడ పెదాలు మాత్రం కదులుతున్నాయి.

చిన్నత్త గుమ్మంలోకి వచ్చింది. ద్వారబంధానికి ఆనుకుని, అలాగే జారి గడప మీద కూర్చుంది. జుట్టు రాలిపోయి, మొహంలో కళ్ళు తప్ప ఏమీ లేవు. రెండు చేతుల మధ్యా ఒక రసం. దాన్ని నెమ్మదిగా, తొందర లేకుండా నొక్కుతోంది. మమ్మల్నందర్నీ ఒకసారి చూసింది.

"ఒకటే తీశాను," అంది. "మిగతావాటికి ఇంకో రెండు రోజులు పడుతుంది. ఎవరూ ముట్టుకోకండి."

ముచ్చిక తీసి నోట్లో పెట్టుకుంది. తాతయ్యకి ఆగలేదు. "ఎలా..." అన్నాడు. నాయనమ్మ చూసిన చూపుకి ఆ మాటని గాల్లోనే పక్కకి తిప్పి, "ఎలా ఉందమ్మా పండు?" అన్నాడు.

"పుల్లగా ఉంది నాన్నా," అంది చిన్నత్త. పుల్లటి పండుని టెంక తెల్లబడేదాకా తింది. నాయనమ్మ లేచి, ఏదో పనున్నట్టు దొడ్లోకి వెళ్ళి, నూతి గట్టు మీద మాకు వీపు పెట్టుకుని చాలాసేపు కూర్చుంది.

తాళంచెవి దిండు కింద పెట్టినప్పుడు ఇదంతా ఆవిడ అనుకునే పెట్టిందా అని నేను పెద్దయ్యాక అడిగాను. "మీ అందరి నుంచీ దాచడానికి ఇంకో చోటేదిరా మనింట్లో?" అంది. అది నిజమే అయ్యుంటుంది. పెద్దవాళ్ళ తెలివి చాలా వరకు గత్యంతరం లేకపోవడమేనని నాకు ఆ వయసు వచ్చాక అర్థమైంది. చిన్నత్త మాత్రం ఆ తర్వాత అయిదు దశాబ్దాలు బతికింది, టీచరుగా చేసింది, ఎవరినీ పరీక్షెలా రాశావని అడగలేదు.

ఇప్పుడు నేను తాడేపల్లిగూడెంలో ఉంటున్నాను. బజారులో మామిడిపళ్ళు వైశాఖం రాకముందే పసుపుపచ్చగా మెరుస్తూ బారులు తీరి ఉంటాయి. అవి ఎవరినీ పిలవవు, మనమే వెళ్ళి తెచ్చుకోవాలి. నేను పండు నొక్కి చూడను. అందుకని పళ్ళ కొట్టతనికి నేనంటే గౌరవం. మూడోవంతు కుళ్ళినవే ఇస్తాడు.

రెండు నెలలుగా మా ఆవిడ మంచం మీద ఉంది. ఏలూరు ఆసుపత్రిలో చెయ్యాల్సింది చేసి, ఇంటికి తీసుకెళ్ళండి, నెమ్మదిగా కోలుకోవాలి అన్నారు. ఎంత నెమ్మదిగా అన్నది వాళ్ళూ చెప్పలేదు, నేనూ అడగలేదు. చూడ్డానికి వచ్చినవాళ్ళకి కాఫీ ఇచ్చి, హాల్లో కూర్చోబెట్టి, వర్షాల గురించీ రొయ్యల రేటు గురించీ మాట్లాడి పంపిస్తుంటాను. ముసలాడికి పెళ్ళాం మీద బెంగ లేదని కొందరనుకుంటున్నట్టు తెలిసింది. అనుకోనీ. నేను కుర్చీ గుమ్మం బయట వేసుకుని పేపరు పట్టుకుంటాను. ఒకే పేజీ పొద్దున్నించి సాయంత్రం దాకా సరిపోతోంది. ఎలా ఉందని అడగాలని రోజుకి యాభైసార్లు నోటిదాకా వస్తుంది. అడగను. తను పిలిస్తే ఒక్క పిలుపుకే వెళ్తాను, పిలవకపోతే కూర్చుంటాను. ఆ వేసవి నుంచి నాకు మిగిలిన విద్య ఇదొక్కటే. ఇన్నేళ్ళ సాధన తర్వాత తేలికైందని మాత్రం ఎవరికీ చెప్పలేను.